టాఫ్టుల వెంట, అక్స్‌బ్రిడ్జ్ నుంచి సిన్సినాటి దాకా

మసాచుసెట్స్‌లో వూస్టర్ నగరం దాటి దక్షిణానికి దిగితే బ్లాక్‌స్టోన్ నది లోయ మొదలవుతుంది. అక్టోబరులో అక్కడ మేపుల్ చెట్లన్నీ ఎర్రబడి ఉంటాయి, ఓక్ చెట్లకు మాత్రం ఇంకా పచ్చదనం వదలదు. అడవి లోపలికి ఎటు చూసినా మోకాలెత్తు రాతి గోడలు కనిపిస్తాయి. ఇప్పుడు చెట్లు కమ్ముకున్న ఆ నేలంతా ఒకప్పుడు సాగులో ఉండేది. నాగలికి తగిలిన రాళ్ళను రైతులు గట్ల మీద పేర్చారు. తర్వాత పిల్లలు మంచి భూముల కోసం ఉత్తరానికీ పడమటికీ వెళ్ళిపోయారు. పొలాలు అడవిలో కలిసిపోయాయి, సరిహద్దులు మాత్రం మిగిలాయి.

అలా వెళ్ళిపోయిన కుటుంబాల్లో టాఫ్టులు ఒకరు. అమెరికా 27వ అధ్యక్షుడు విలియం హోవర్డ్ టాఫ్ట్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఆయన వెనక ఐదారు తరాల పాటు ఊరి లెక్కలు రాసినవాళ్ళూ, రోడ్లు వేయించినవాళ్ళూ, తగవులు తీర్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఊళ్ళు చూడాలనే ఈ ప్రయాణం పెట్టుకున్నారు ఒక తండ్రీ కూతురూ. ఆయన బందరు వైపు నుంచి వచ్చిన విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు. ఆమె వూస్టర్ పక్కనే ష్రూస్‌బరీలో ఉంటోంది. ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో ఊళ్ళలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్స్‌బ్రిడ్జ్ అక్కడికి అరగంట దూరమే అయినా, సెలవు దొరికితే అందరూ బోస్టన్‌కో నయాగరాకో వెళతారు తప్ప ఇటు తిరగరు. మాష్టారికి మాత్రం వంశవృక్షాలంటే ప్రాణం. ఆయన తాతగారు దివిసీమలో కరణం.

దారిలో ముందుగా వచ్చేది గ్రాఫ్టన్. ఆ ఊరి చివర మూడు నాలుగు ఎకరాల చిన్న జాగా ఉంది. అది నిప్‌మక్ జాతివాళ్ళది. ఈ లోయంతా ఒకప్పుడు వాళ్ళదే. ఎన్ని చేతులు మారినా ఆ కాస్త భూమి మాత్రం వాళ్ళ చేతుల్లోంచి ఎప్పుడూ జారిపోలేదు. అమెరికా గడ్డ మీద అచ్చయిన మొదటి బైబిల్, 1663 నాటిది, మసాచుసెట్ భాషలో ఉంది. దానికి అక్షరాలు కూర్చినవాళ్ళలో జేమ్స్ ప్రింటర్ అనే నిప్‌మక్ యువకుడు ఒకడు, ఈ ఊరివాడే. టాఫ్టుల కథ ఇక్కడి నుంచి మొదలుపెట్టడం న్యాయం. ఎందుకంటే 1675లో నిప్‌మక్‌లకూ ఇంగ్లీషు వలసదారులకూ యుద్ధం వచ్చి, మెండన్ అనే చిన్న ఊరు తగలబడిపోయింది. జనం పారిపోయారు. నాలుగైదేళ్ళ తర్వాత ఊరు మళ్ళీ కట్టుకోవడానికి వచ్చినవాళ్ళలో రాబర్ట్ టాఫ్ట్ అనే వడ్రంగి ఉన్నాడు. భార్య సారా, ఐదుగురు కొడుకులు. 1680లో మెండన్ వ్యవహారాలు చూసే సెలెక్ట్‌మెన్‌లో అతనూ ఒకడయ్యాడు. గెలిచినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో తరాల వారీగా దొరుకుతాయి. ఓడినవాళ్ళు తమ వంశాన్ని కోర్టుల్లోనూ ప్రభుత్వ కార్యాలయాల్లోనూ నిరూపించుకోవలసి వచ్చింది. 2004లో అమెరికా ప్రభుత్వం నిప్‌మక్‌లకు జాతిగా గుర్తింపు ఇవ్వలేదు.

ఇంతకీ సెలెక్ట్‌మన్ అంటే ఊరి సభ ఎన్నుకున్న నిర్వాహకుడు. న్యూ ఇంగ్లండ్‌లో ఊరంటే ఒక చిన్న ప్రభుత్వం. ఓటు హక్కున్న పౌరులంతా ఒకచోట కూర్చుని పన్ను ఎంత వేయాలో, ఏ రోడ్డు బాగు చేయాలో, బడికి ఎంత ఇవ్వాలో చేతులెత్తి తేల్చుకుంటారు. అక్స్‌బ్రిడ్జ్‌లో ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ప్రతినిధుల్ని పంపడం కాదు, మనిషే వెళ్ళి కూర్చోవాలి. సభకు ముందు చర్చించే అంశాలన్నీ అంటించి ఊరికి తెలియజేస్తారు. ఆ అంశాల పట్టీని వాళ్ళు వారంట్ అంటారు. మన రాజ్యాంగంలోకి 73వ సవరణతో వచ్చిన గ్రామసభ చదవడానికి దాదాపు ఇలాగే ఉంటుంది. మన ఊళ్ళలో గ్రామసభ తీర్మానాల పుస్తకంలో సంతకాలు ఎలా పడతాయో తెలిసిన మాష్టారు, నిధుల అంశం ఒక్కొక్కటీ విడివిడిగా సభకు పెడతారని విని చాలాసేపు దాని గురించే మాట్లాడారు.

అక్స్‌బ్రిడ్జ్ 1727లో మెండన్ నుంచి విడిపోయిన ఊరు. మధ్యలో పచ్చిక మైదానం, చుట్టూ తెల్లటి చర్చి, పాత ఇళ్ళు. ఊరికి ఒక పక్క నదీ, దాని వెంట 1828లో తెరిచి ఇరవై ఏళ్ళకే వదిలేసిన కాలువా ఉన్నాయి. వూస్టర్ నుంచి ప్రావిడెన్స్ దాకా సరుకు పడవలు గుర్రాలతో లాగించిన ఆ కాలువ, రైలు రాగానే మూతపడింది. కట్ట మీద నడుస్తుంటే నీళ్ళ మీద ఆకులు, అవతల ఎర్ర ఇటుకల బట్టల మిల్లు. పారుతున్నంత దూరంలో 400 అడుగులకు పైగా కిందికి దిగే ఈ చిన్న నది ఎన్ని మగ్గాలను తిప్పిందో లెక్కలేదు.

అసలు నిధి గ్రంథాలయంలో ఉంది. మసాచుసెట్స్‌లో 1639 నుంచే పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసి పెట్టాలన్న నిబంధన ఉంది. 1902లో వచ్చిన ఒక చట్టం ప్రోత్సాహంతో, 1850 వరకు ఉన్న ఆ చిట్టాలను చాలా ఊళ్ళకు అచ్చు వేశారు. అక్స్‌బ్రిడ్జ్ సంపుటి 1916లో వచ్చింది. అక్షరక్రమంలో చూసుకుంటూ వెళితే టాఫ్ట్ అనే ఇంటిపేరు కింద పేజీలకు పేజీలు. ఒక్కొక్క తేదీ పక్కన చిన్న గుర్తులు ఉన్నాయి. సమాధి రాయి మీద చదివిందైతే ఒకటి, చర్చి పుస్తకంలోదైతే ఒకటి, ఇంట్లో బైబిల్లో రాసుకున్నదైతే మరొకటి. ఏ సంగతి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ఒక్క పేరు కూడా చేర్చలేదు.

మాష్టారు ఆ గుర్తుల దగ్గర ఆగిపోయారు. మన దగ్గర వంశక్రమం నోటి మీద బతికింది. ఇప్పుడు వంశరాజ్‌లుగా పిలుస్తున్న పిచ్చిగుంట్లవారు ఇంటింటికీ వచ్చి గోత్రాలూ, తరాలూ పాడి చెప్పేవారు. కాశీలోనూ గయలోనూ పండాల దగ్గర తాతముత్తాతల సంతకాలున్న పుస్తకాలు ఉంటాయి. తర్పణం వదిలే ప్రతివాడికీ మూడు తరాలు నోటికి వచ్చి ఉండాలి. ఇవన్నీ ఘనమైన పద్ధతులే. అయితే ఇవి అడిగినవాళ్ళకూ ఇచ్చుకోగలిగినవాళ్ళకూ మాత్రమే దక్కాయి. ఊరి గుమాస్తా రాసిన చిట్టాలో మాత్రం కూలివాడి బిడ్డా, సెనేటర్ బిడ్డా ఒకే వరసలో ఉంటారు. టాఫ్టుల వంశవృక్షం అంత నిండుగా ఉండటానికి కారణం వాళ్ళ గొప్పతనం కాదు. ఊరు అందరినీ రాసింది, అందులో వాళ్ళూ ఉన్నారు.

ఆ పుస్తకాల్లోంచి బయటపడ్డ మనిషే లిడియా చేపిన్ టాఫ్ట్.

ఆమె 1712లో మెండన్‌లో పుట్టింది, 1731లో రాబర్ట్ టాఫ్ట్ మనవడు జొసయాను పెళ్ళి చేసుకుంది. జొసయా ఊరికి గుమాస్తాగా, సెలెక్ట్‌మన్‌గా, వలస రాజ్యపు శాసనసభకు ప్రతినిధిగా పనిచేశాడు. ఊళ్ళో ఎక్కువ పన్ను కట్టేవాళ్ళలో ఒకడు. 1756 సెప్టెంబరులో హార్వర్డ్‌లో చదువుతున్న వాళ్ళ కొడుకు కేలబ్ 18 ఏళ్ళకే చనిపోయాడు. కొడుకు అంత్యక్రియలకు వెళ్ళిన జొసయా జబ్బుపడి, అదే నెలాఖరులో కన్నుమూశాడు. ఇంట్లో పిల్లలు, మీద ఆస్తి. అప్పుడే ఫ్రెంచివాళ్ళతో యుద్ధానికి ఊరు డబ్బు ఇవ్వాలా వద్దా అన్న విషయం సభ ముందుకు వచ్చింది. అంత పన్ను కట్టే ఇంటికి సభలో గొంతు లేకుండా డబ్బు వసూలు చేయడం సబబు కాదని ఊరు అనుకుంది. 1756 అక్టోబరు 30న లిడియా సభలో ఓటు వేసింది. తర్వాత 1758లో రోడ్డు పన్ను విషయంలో, 1765లో బడి పరిధి విషయంలో కూడా ఆమె పేరు సభ చిట్టాల్లో కనిపిస్తుంది. అమెరికాలో చట్టబద్ధంగా ఓటు వేసిన తొలి మహిళగా ఆమెను చెప్పుకుంటారు. ఈ కథను పదిమందిలో పెట్టినవాడు వూస్టర్ జడ్జి హెన్రీ చేపిన్, 1864లో అక్స్‌బ్రిడ్జ్‌లో చేసిన ప్రసంగంలో. అంటే ఆమె ఓటు వేసిన వందేళ్ళ తర్వాత.

ఇది విని కూతురు అడిగింది, "కొడుకులు ఉన్నారుగా నాన్నా, ఆమెను ఎందుకు రానిచ్చారు?"

"కొడుకుల కోసమే రానిచ్చి ఉంటారమ్మా. అయినా చెయ్యెత్తింది ఆవిడేగా," అన్నారు మాష్టారు.

ఆ జవాబులో ఉన్న విషయం చిన్నది కాదు. ఊరు ఆమెను స్త్రీగా పిలవలేదు, ఆస్తికి ప్రతినిధిగా పిలిచింది. 1780 నాటి మసాచుసెట్స్ రాజ్యాంగం ఓటు మగవాళ్ళకే అని తేల్చి రాసింది. దేశమంతటా ఆడవాళ్ళకు ఓటు వచ్చేసరికి 1920 అయింది. మరుసటి ఏడే, 1921లో, కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో స్త్రీలకు ఓటు వచ్చింది. అక్కడా ఆస్తి ఉన్నవాళ్ళకే. లిడియా నడిచిన ఇరుకు తలుపులోంచే బందరు, గుంటూరు స్త్రీలు కూడా మొదట పోలింగు గదిలోకి నడిచారు. అక్స్‌బ్రిడ్జ్ నుంచి రోడ్ ఐలండ్ సరిహద్దు దాకా వెళ్ళే 146ఎ రోడ్డుకు 2004లో ఆమె పేరు పెట్టారు.

లిడియా కొడుకు బెజలీల్‌కు తండ్రి పోయేనాటికి ఆరేళ్ళు. పెద్దయ్యాక విప్లవ యుద్ధంలో సైనిక దళానికి నాయకుడయ్యాడు, రాష్ట్ర శాసనసభకు వెళ్ళాడు. అతని కొడుకు పేరు కూడా బెజలీలే, హార్వర్డ్‌లో చదివిన లాయరు, అతనూ రాష్ట్ర సెనేటర్. సౌత్ మెయిన్ స్ట్రీట్‌లో ఆ ఇల్లు ఇంకా ఉంది. దాని పక్కన రోడ్డు మీద ఆకులు ఊడుస్తున్న ఒక పెద్దాయన, ఇద్దరు కొత్తవాళ్ళు తల పైకెత్తి కిటికీలు లెక్కపెడుతుంటే చీపురు ఆపి పలకరించాడు. మన దగ్గరైతే మొదట ఏ ఊరు, ఎవరబ్బాయి అని అడుగుతారు. ఆయన అవేమీ అడగలేదు. వీధిలో ఏ ఇల్లు ఏ ఏడు కట్టారో వరసగా చెప్పుకొచ్చాడు. చివరికి వెళ్ళబోతూ, తన అమ్మమ్మ వైపు వాళ్ళు కూడా టాఫ్టులేనని అన్నాడు. అది గొప్పగా చెప్పినట్టు లేదు, వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా ఉంది.

సట్టన్ స్ట్రీట్ మీద ఇంకో ఇల్లు ఉంది, సామ్యూల్ టాఫ్ట్‌ది. 1789 నవంబరులో జార్జి వాషింగ్టన్ అధ్యక్షుడిగా న్యూ ఇంగ్లండ్ పర్యటన ముగించుకుని వెళుతూ ఒక రాత్రి ఇక్కడ బస చేశాడు. టాఫ్టుది అప్పుడు సత్రం. అతని కూతుళ్ళు వడ్డించారు. హార్ట్‌ఫర్డ్ చేరాక వాషింగ్టన్ ఆ తండ్రికి ఉత్తరం రాశాడు. ఆడపిల్లల అణకువ నచ్చిందని, ఇద్దరికీ చెరో చింట్జ్ తాను పంపుతున్నానని, ఎక్కువగా వడ్డించిన పాటీకి ఐదు గినీలు కూడా ఇస్తున్నానని. ఈ సంగతి బయట చెప్పుకోవద్దని కూడా కోరాడు. పూల అచ్చుల నూలు బట్టే చింట్జ్. దాని మీద ఐరోపాకు మొదట మోజు పుట్టించింది కోరమండల్ తీరం నుంచి, బందరు రేవు నుంచి వెళ్ళిన కలంకారీ బట్టలే. తర్వాత ఇంగ్లండు మిల్లులు ఆ అచ్చుల్ని నకలు చేసి లోకమంతా అమ్మాయి. పెడన పక్క పల్లెలో పెరిగిన మాష్టారికి ఆ ఇంటి ముందు నిలబడటం చాలా ఇష్టమైంది.

మధ్యాహ్నం రోడ్డు పక్క పండ్ల తోట దగ్గర ఆగారు. న్యూ ఇంగ్లండ్ శరదృతువంటే ఆపిల్ రసంతో చేసిన వేడి వేడి సైడర్ డోనట్లు, ఆపిల్ పై మీద ఒక చెడ్డార్ చీజ్ ముక్క. తీపి మీద ఉప్పటి చీజ్ ఏమిటని మొదట వెనకాడినా, బెల్లం ముక్కతో మజ్జిగన్నం తిన్నట్టే ఉందని మాష్టారు రెండోసారి అడిగి తెప్పించుకున్నారు. డబ్బు తీసుకునే మనిషి లేడు. పెట్టెలో వేసి వెళ్ళడమే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసినప్పుడు మాష్టారి ఇంట్లో కొందరు బాధపడ్డారు, కొందరు మంచిదే అన్నారు. మాష్టారు రెండో పక్షం. పుట్టుకతో వచ్చే అధికారం పోవాలని ఆయన నమ్మకం. అక్స్‌బ్రిడ్జ్‌లో పదవికి ఎన్నిక ఉంది, అయినా ఒకే ఇంటి పేర్లు తరతరాలుగా తిరిగాయి. భూమి, చదువు, చుట్టరికం ఉన్నచోట ఓటు ఒక్కటే కుటుంబాన్ని దించదు. కానీ ఒక తేడా ఉంది. దస్త్రం కరణం ఇంట్లో ఉండేది. అక్స్‌బ్రిడ్జ్‌లో అది ఊరి దగ్గర ఉండేది, పొరుగువాళ్ళు సభలో నిలబడి దాని మీద ప్రశ్న వేయగలిగేవారు. అధికారం చేతులు మారకపోయినా లెక్క అందరి కళ్ళముందూ ఉండటం వల్లే, 250 ఏళ్ళ తర్వాత ఒక వితంతువు ఓటు ఏ తేదీన పడిందో ఎవరైనా వెళ్ళి చూడగలుగుతున్నారు.

వెర్మాంట్ దారి వేరు. కొండలు దగ్గరికి వస్తాయి, ఊళ్ళు దూరమవుతాయి. 1799లో అదే వంశంలోని ఆరన్ టాఫ్ట్ అక్స్‌బ్రిడ్జ్‌లో అంతా వదిలి టౌన్షెండ్‌కు తరలిపోయాడు. అతని కొడుకు పీటర్ రాసన్‌కు అప్పుడు 14 ఏళ్ళు. దాదాపు వంద మైళ్ళు ఇంటి ఆవును తోలుకుంటూ నడిచాడని కుటుంబంలో చెప్పుకునేవారు. ఆ పిల్లాడే తర్వాత విండమ్ కౌంటీ జడ్జి అయ్యాడు, వెర్మాంట్ శాసనసభలో కూర్చున్నాడు. ఇప్పుడు టౌన్షెండ్‌లో ఒక పచ్చిక బయలు, దాని అంచున తెల్లని చర్చి, వెస్ట్ రివర్ మీద 1870లో కట్టిన స్కాట్ వంతెన ఉన్నాయి. పైకప్పూ గోడలూ ఉన్న చెక్క వంతెన అది. మంచు, వాన దూలాలను కుళ్ళబెట్టకుండా అలా కప్పుతారు.

ఇదే ఊళ్ళో 1810లో ఇద్దరు పుట్టారు. ఒకరు పీటర్ కొడుకు ఆల్ఫాన్సో టాఫ్ట్. రెండోవారు క్లారినా హోవర్డ్ నికొల్స్, పత్రికా సంపాదకురాలు. 1852లో ఆమె వెర్మాంట్ శాసనసభలో నిలబడి, బడి వ్యవహారాల సభల్లో స్త్రీలకు ఓటు ఇవ్వమని అడిగింది. ఆ సభలో మాట్లాడిన మొదటి స్త్రీ ఆమే. సభ ఒప్పుకోలేదు. 1765లో లిడియా చెయ్యెత్తిన విషయమూ బడిదే. లిడియా మొదటి ఓటు యుద్ధం డబ్బు మీదే అయినా, ఆడవాళ్ళు రాజకీయంలోకి వచ్చింది ఎక్కువగా తమ పిల్లలు ఏ బడికి నడవాలో అడిగి. మన ఊళ్ళలో కూడా వార్డు సభ్యురాలు మొదటిసారి లేచి మాట్లాడేది బడి గురించో మంచినీళ్ళ గురించో అయి ఉంటుంది. ఆ మాటను చిన్నదిగా చూడటం మానుకోవాలి.

ఆల్ఫాన్సో పాఠాలు చెప్పుకుంటూ చదువుకుని, 1833లో యేల్ నుంచి పట్టా తీసుకుని, ఒహాయో నది ఒడ్డున పెరుగుతున్న సిన్సినాటిలో వకీలుగా కుదురుకున్నాడు. తర్వాత తల్లిదండ్రుల్ని కూడా అక్కడికే తెచ్చుకున్నాడు. మౌంట్ ఆబర్న్ గుట్ట మీద 1851లో కొన్న అతని ఇల్లు ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం. 1857లో విలియం అక్కడే పుట్టాడు. కింద లోతట్టులో నగరం పొగతో నిండి ఉండేది కాబట్టి ఉన్నవాళ్ళు గుట్ట ఎక్కి కట్టుకున్నారు. గదుల్లో పుస్తకాల బీరువాలే ఎక్కువ.

ఆ ఇంటిని చూపించిన ఉద్యోగి అధ్యక్షుడి కంటే తండ్రి గురించే ఎక్కువ చెప్పాడు. ఆల్ఫాన్సో మొదట నగర కౌన్సిల్ సభ్యుడు, తర్వాత సుపీరియర్ కోర్టు జడ్జి. 1869లో సిన్సినాటి పాఠశాలల బోర్డు బడుల్లో బైబిల్ పఠనం ఆపేయాలని తీర్మానించింది. క్యాథలిక్కులూ, యూదులూ చదువుకునే ఊరు అది. కేసు కోర్టుకు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు తీర్మానం చెల్లదన్నారు. ఆల్ఫాన్సో ఒక్కడే ప్రభుత్వం ఏ మతం వైపూ మొగ్గకూడదని వేరే తీర్పు రాశాడు. తర్వాత ఒహాయో సుప్రీంకోర్టు బోర్డు పక్షానే నిలిచింది. ఆ తీర్పు వల్ల అతనికి గవర్నర్ అభ్యర్థిత్వం అందకుండా పోయిందని అంటారు. దేశానికి యుద్ధ మంత్రిగా, అటార్నీ జనరల్‌గా పనిచేసిన మనిషి. ఆయన పని అంతటిలోకీ ఇదే పెద్దదని మాష్టారి అభిప్రాయం.

సిన్సినాటి తిండికి పేరు చిల్లీ. స్పెగెటీ మీద దాల్చినచెక్క వాసన వచ్చే గ్రేవీ, దాని మీద గుట్టగా చీజ్. 1920ల్లో మాసిడోనియా నుంచి వచ్చినవాళ్ళు మొదలుపెట్టిన వంట. మాంసం లేకుండా చిక్కుడు గింజలతో చేసింది కూడా దొరికింది. దాల్చినచెక్క మాష్టారికి తెలిసిన వాసనే కాబట్టి, దేశం మారినట్టు అనిపించలేదు.

అధ్యక్షుడి పెద్ద కొడుకు రాబర్ట్ ఒహాయో శాసనసభలో సభ్యుడిగా మొదలై, స్పీకరై, తర్వాత సెనేటర్ అయ్యాడు. మునిమనవడు బాబ్ టాఫ్ట్ 1999 నుంచి 2007 దాకా ఒహాయో గవర్నరు. తీసుకున్న ఆతిథ్యాలు వెల్లడించనందుకు పదవిలో ఉండగానే కోర్టు జరిమానా కట్టాడు. కానీ తండ్రీ కూతుళ్ళ మాటల్లో ఎక్కువగా నలిగింది అధ్యక్షుడి చిన్న కొడుకు చార్లెస్ పేరు. బాల్యంలో కొంతకాలం వైట్‌హౌస్‌లో గడిపిన పిల్లవాడు. పెద్దయ్యాక నగర పాలన బాగుపడాలని పోరాడిన బృందంలో చేరి, కౌన్సిల్‌కు గెలిచి, 1955 నుంచి 1957 దాకా మేయర్‌గా ఉండి, మళ్ళీ కౌన్సిల్‌లోనే కూర్చుని, 80 ఏళ్ళ వయసులో 1977లో వదిలాడు. తాత మొదలుపెట్టిన కుర్చీ అది.

"అంతటి ఇంట్లో పుట్టి వార్డు పనులు చూసుకున్నాడా!" అంది కూతురు.

"నువ్వు అంతటి ఇల్లు అంటున్నది వార్డు పనుల మీదే లేచింది కదమ్మాయ్," అన్నారాయన.

తిరిగొచ్చాక మాష్టారు టాఫ్టుల పట్టీ ఒకటి గీశారు. లిడియా చేపిన్, సిల్వియా హోవర్డ్, లూయిస్ టోరీ అని కోడళ్ళందరినీ పుట్టింటి పేర్లతో సహా రాశారు. పక్కన తమ ఇంటి పట్టీ పెట్టుకున్నారు. అందులో కరణంగారి తండ్రి, తాత, ముత్తాత అందరూ ఉన్నారు, ఆడవాళ్ళు ఇద్దరే ఉన్నారు. బందరులో ఉన్న అక్కగారికి ఫోన్ చేశారు. ఆవిడ నాయనమ్మ పేరు, ముత్తమ్మ పేరు, వాళ్ళ పుట్టిళ్ళు వెంటనే చెప్పింది. ఆపైవాళ్ళ సంగతి కావాలంటే అవనిగడ్డలో ఉన్న పిన్నిని అడగమంది. మాష్టారు ఆ నంబరు కూడా రాసుకున్నారు.